సొంతంగా అసెంబుల్ చేసుకునే కంప్యూటర్‌కు మదర్‌బోర్డు ఎంచుకోవడం ఎలా?

మదర్‌బోర్డు పెట్టె విప్పాక చదివే మాన్యువల్‌ను ఆ బోర్డు కొనకముందే చదవవచ్చన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ వంటి సంస్థలు ప్రతి మోడల్ మాన్యువల్‌నూ, ఆ బోర్డు మీద పనిచేసే ప్రాసెసర్ల జాబితానూ తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంచుతాయి. కొన్నేళ్ల క్రితం మా ఇంటి కంప్యూటర్‌లో నేను రెండో ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీది స్లాట్‌లోనే నేరుగా బిగించే చిన్న డిస్కు) బిగించిన సాయంత్రం, అంతవరకు చక్కగా పనిచేస్తున్న పాత హార్డ్‌డిస్కు ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. కుటుంబ ఫొటోలన్నీ అందులోనే ఉన్నందువల్ల ఆ రాత్రి పడిన ఆందోళన ఇప్పటికీ గుర్తుంది. నిజానికి డిస్కు పాడవలేదు. రెండో ఎం.2 స్లాట్‌ను వాడితే ఐదు, ఆరు నంబర్ల సాటా పోర్టులు (హార్డ్‌డిస్కు కేబుల్ పెట్టేవి) పనిచేయవని మాన్యువల్‌లో ఒక పట్టిక కింద ఒకే ఒక్క వాక్యం ఉంది; కేబుల్‌ను ఒకటో నంబరు పోర్టుకు మార్చగానే డిస్కు మళ్లీ కనిపించింది. అటువంటి వివరాలను డబ్బు కట్టకముందే ఎక్కడ, ఎలా చూసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంపిక ప్రాసెసర్‌తో మొదలవ్వాలి, ఎందుకంటే ప్రాసెసర్ ఏదో తేలితే దాన్ని కూర్చోబెట్టే సాకెట్ తేలిపోతుంది, సాకెట్ తేలితే మార్కెట్లో ఉన్న బోర్డుల్లో చాలా భాగం మన పరిశీలనలోంచి తొలగిపోతుంది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లకు 2017 నుంచి ఏఎం4 సాకెట్, 2022 సెప్టెంబరు నుంచి ఏఎం5 సాకెట్ వాడుకలో ఉన్నాయి. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు ఎల్‌జీఏ1700 సాకెట్‌లో కూర్చుంటాయి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ1851 సాకెట్ కావాలి. ఒక సాకెట్‌కు చేసిన ప్రాసెసర్ మరో సాకెట్‌లో పట్టదు. ఇక్కడ ఆలోచించవలసిన రెండో విషయం సాకెట్ ఆయుష్షు. ఏఎం4 సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి కాబట్టి, తొలినాళ్లలో ఆ బోర్డు కొన్నవారిలో చాలామంది బయాస్ (కంప్యూటర్‌ను ప్రారంభించే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) అప్‌డేట్‌తో, బోర్డు మార్చకుండానే ఎంతో వేగమైన ప్రాసెసర్‌కు మారగలిగారు. ఏఎం5ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగైదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునే కుటుంబానికి నేను ఏఎం5నే సూచిస్తాను.

అయితే ర్యామ్ సంగతి తేలకుండా ఈ నిర్ణయం పూర్తి కాదు. ఏఎం4 బోర్డులు డీడీఆర్4 ర్యామ్‌ను మాత్రమే, ఏఎం5, ఎల్‌జీఏ1851 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటాయి. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకే పేరున్న మోడల్ చివర ‘డీ4’ అని ఉంటే అది డీడీఆర్4 బోర్డు అని, లేకుంటే డీడీఆర్5 బోర్డు అని గుర్తించవలసి వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి కనుక పేరును చివరి అక్షరం వరకు చదవాలి. ఈ రెండు రకాల ర్యామ్‌లలో గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఇంట్లో పాత కంప్యూటర్‌లోని 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ మంచి స్థితిలో ఉంటే, దాన్ని వాడుకోగలిగే ఏఎం4 లేదా ఎల్‌జీఏ1700 బోర్డు తీసుకోవడం ఇప్పటికీ తెలివైన పనే.

ర్యామ్ స్లాట్లు నాలుగు ఉన్న బోర్డు రెండు ఉన్న దానికంటే మేలన్నది డీడీఆర్4 రోజుల్లో మారుమాట లేని సలహా. డీడీఆర్5 విషయంలో దాన్ని కొంచెం సవరించుకోవాలి. రైజెన్ 7000 శ్రేణికి ఏఎండీ ఇచ్చిన లెక్క ప్రకారం రెండు స్టిక్కులతో 5200 వేగం లభిస్తే, నాలుగు స్టిక్కులు పెట్టినప్పుడు 3600 వేగానికే హామీ ఉంది. కనుక 32 జీబీ కావాలనుకుంటే 8 జీబీ స్టిక్కులు నాలుగు కాక, 16 జీబీవి రెండు కొనడం మంచిది. ఆ రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలని దాదాపు అన్ని మాన్యువల్స్‌లోనూ ఉంటుంది. ఒకటి, రెండు స్లాట్లలో పెడితే ర్యామ్ రెండు ఛానళ్లలో (డేటా దారుల్లో) కాక ఒకే ఛానల్‌లో నడిచి, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఆధారపడేవారికి వేగం బాగా తగ్గుతుంది.

చిప్‌సెట్ అంటే బోర్డు మీద యూఎస్‌బీ, సాటా, అదనపు ఎం.2 వంటి కనెక్షన్లను చూసుకునే చిప్. పేరులోని మొదటి అక్షరం స్థాయిని తెలుపుతుంది. ఇంటెల్‌లో హెచ్610 అన్నిటికంటే కింది మెట్టు. దాని మీద ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, ర్యామ్ వేగం పెంచుకునే వీలు లేదు. బీ660, బీ760 చిప్‌సెట్లలో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు కానీ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం (నిర్ణీత వేగానికి మించి నడపడం) కుదరదు, ఆ సదుపాయం జెడ్690, జెడ్790 వంటి వాటికే పరిమితం. ఏఎండీలో ఏ620 కింది మెట్టు, బీ650, బీ850 మధ్యస్థం, ఎక్స్670, ఎక్స్870 పై మెట్లు. బీ840 అనే మరో చిప్‌సెట్ ఉంది. పేరు చూస్తే బీ850కి తమ్ముడిలా కనిపిస్తుంది కానీ దాని మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు, సదుపాయాల్లో అది కింది మెట్టుకే దగ్గర. చదువులు, ఆఫీసు పని, వీడియో ఎడిటింగ్, ఒక మోస్తరు ఆటలు ఇవన్నీ కలిసిన ఇంటికి బీ శ్రేణి బోర్డు చాలు. పై మెట్ల బోర్డుకు పెట్టే అదనపు సొమ్మును ఎస్‌ఎస్‌డీకో, నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్‌కో (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టె) మళ్లిస్తే దాని ఫలితం రోజూ కనిపిస్తుంది.

దుకాణాల్లో ఎక్కువగా ప్రస్తావనకు రానిది, నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే 12 వోల్టుల విద్యుత్తును ప్రాసెసర్‌కు కావలసిన సుమారు 1.2 వోల్టులకు దించే భాగం ఇది. సాకెట్ చుట్టూ వరుసగా కనిపించే చిన్న నల్లని చిప్పులు, చతురస్రాకారపు కాయిల్స్ దీనివే. వోల్టేజీ తగ్గితే అదే శక్తికి కరెంటు పెరుగుతుంది. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది, అంటే 1.2 వోల్టుల దగ్గర సుమారు 73 ఆంపియర్లు. రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల వరకు తీసుకుంటుంది, అంటే 190 ఆంపియర్లకు పైమాటే. ఇంటెల్‌లోనూ ఇదే తేడా: కోర్ ఐ5 12400కు టర్బో పరిమితి 117 వాట్లు కాగా కోర్ ఐ9 14900కే కు అది 253 వాట్లు. ఇంత కరెంటు చవక బోర్డులోని బలహీనమైన వీఆర్‌ఎం గుండా గంటల తరబడి ప్రవహిస్తే అది విపరీతంగా వేడెక్కుతుంది, అప్పుడు తనను తాను కాపాడుకోవడానికి బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. యజమాని మాత్రం ప్రాసెసర్‌లో లోపం ఉందనుకుంటాడు. మే నెలలో గది ఉష్ణోగ్రతే 38 డిగ్రీలు దాటే ఇళ్లలో, ఏసీ లేకుండా వీడియో రెండర్ చేసేవారికి ఇది ఊహాజనితమైన సమస్య కాదు.

కాబట్టి 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కు సాధారణ వీఆర్‌ఎం సరిపోతుంది, అయినా దాని మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బోర్డునే తీసుకోవాలని నా సలహా. 8 కోర్లు దాటిన ప్రాసెసర్ కొంటున్నప్పుడు హీట్‌సింక్ తప్పనిసరి అనుకోవాలి. పెట్టె మీద ముద్రించే ఫేజుల (వీఆర్‌ఎంలో కరెంటును పంచుకుని మోసే విభాగాల) సంఖ్యను చూసి మాత్రమే నిర్ణయించకూడదు, ఎందుకంటే ఒక్కో ఫేజు ఎన్ని ఆంపియర్లను మోయగలదన్నది తెలియకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు. కొనదలచిన మోడల్‌ను భారమైన ప్రాసెసర్‌తో అరగంటైనా నడిపి వీఆర్‌ఎం ఉష్ణోగ్రతను కొలిచిన సమీక్ష దొరికితే, ఆ కొలత ఒక్కటే పది ప్రకటనల కంటే విలువైనది.

తర్వాత స్లాట్లు. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నేరుగా ప్రాసెసర్‌తో 16 లేన్లతో (డేటా ప్రయాణించే దారులతో) అనుసంధానమై ఉంటుంది. దాని కింద అంతే పొడవైన మరో స్లాట్ కనిపించినా, చాలా బోర్డుల్లో దానికి లోపల ఉండేవి నాలుగు లేన్లో, ఒక్క లేనో మాత్రమే. పొడవును చూసి మోసపోకుండా మాన్యువల్‌లోని లేన్ల సంఖ్య చూడాలి. ఎం.2 స్లాట్లు కనీసం రెండు ఉండటం మంచిది. ఒకదానిలో విండోస్, ప్రోగ్రాములు ఉన్న ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, రెండోది కొన్నాళ్లకు తప్పక అవసరపడుతుంది. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 3,500 మెగాబైట్లు చదివితే నాలుగో తరంది 7,000 వరకు చదువుతుంది. ఐదో తరం స్లాట్ కోసం అదనంగా ఖర్చు చేయవలసిన అవసరం ఇంటి కంప్యూటర్‌కు లేదని నా అభిప్రాయం. ఇక ఏ ఎం.2 స్లాట్ వాడితే ఏ సాటా పోర్టు ఆగిపోతుందో, లేదా ఏ పీసీఐ స్లాట్ లేన్లు తగ్గుతాయో తెలిపే పట్టికను మాన్యువల్‌లో వెతికి చూడవలసింది ఈ దశలోనే.

పరిమాణం విషయంలో పెద్దగా చర్చ అక్కరలేదు. ఏటీఎక్స్ బోర్డు 305×244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244×244, మినీ ఐటీఎక్స్ 170×170. ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్‌ఎస్‌డీలు ఉండే ఇంటి కంప్యూటర్‌కు మైక్రో ఏటీఎక్స్ సరిపోతుంది, ధర కూడా తక్కువ. కొనబోయే క్యాబినెట్‌లో ఆ పరిమాణపు బోర్డు పడుతుందో లేదో చూసుకుంటే చాలు. క్యాబినెట్ ముందువైపు టైప్-సీ పోర్టు ఉంటే, దాన్ని కలిపే కనెక్టర్ బోర్డు మీద కూడా ఉండాలి, లేకుంటే ఆ పోర్టు అలంకారంగా మిగిలిపోతుంది.

వెనుక ప్యానెల్ మీద హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు ఉన్నంత మాత్రాన తెర వెలుగుతుందనుకోకూడదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటేనే అవి పనిచేస్తాయి. కోర్ ఐ5 12400ఎఫ్, రైజెన్ 5 5600 వంటి వాటిలో ఆ సదుపాయం లేదు. అవి కొనేవారు గ్రాఫిక్స్ కార్డు కూడా కొనక తప్పదు. నెట్‌వర్క్ పోర్టు 2.5 గిగాబిట్‌ది ఉంటే మంచిదే కానీ, మన ఇళ్లలోని ఫైబర్ కనెక్షన్ల వేగం ఎక్కువగా 1 గిగాబిట్‌కు లోపే కాబట్టి దాని కోసం ధర పెంచుకోనక్కరలేదు. వైఫై మాత్రం రూటర్‌కు దూరంగా, మేడ మీది గదిలో కంప్యూటర్ పెట్టేవారు బోర్డులోనే ఉన్నదాన్ని ఎంచుకోవడం సుఖం.

బోర్డు మీద తప్పక ఉండాలని నేను కోరుకునే మరో సదుపాయం బయాస్ ఫ్లాష్‌బ్యాక్. ప్రాసెసర్ కంటే ముందు తయారైన బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తించాలంటే బయాస్‌ను అప్‌డేట్ చేయాలి, గుర్తించనిదే కంప్యూటర్ తెరుచుకోదు, తెరుచుకోనిదే మామూలు పద్ధతిలో అప్‌డేట్ చేయలేం. ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డులో ఒక పెన్‌డ్రైవ్, ఎస్‌ఎంపీఎస్ ఉంటే చాలు, ప్రాసెసర్ లేకుండానే పని పూర్తవుతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మొరాయించే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ మీదే ఆ పని చేయాలి. పొరపాటున అలా జరిగినా ఫ్లాష్‌బ్యాక్ ద్వారా కోలుకునే అవకాశం ఉంటుంది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో బయటపడిన వోల్టేజీ సమస్యకు 2024లో ఇచ్చిన సవరణలు కూడా బయాస్ అప్‌డేట్ల రూపంలోనే వచ్చాయి. ఆ ప్రాసెసర్లు కొనేవారు కంప్యూటర్ సిద్ధం కాగానే చేయవలసిన మొదటి పని ఇదే.

చివరగా కొనుగోలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనైనా, మీ ఊరి దుకాణంలోనైనా చాలా తక్కువ ధరకు ‘కొత్త’ బోర్డు చూపిస్తే దాని చిప్‌సెట్ పేరు అడగండి. హెచ్61 అంటే అది 2011 నాటి చిప్‌సెట్; దానికి సొంతంగా యూఎస్‌బీ 3.0 లేదు, సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, పైగా ఆ సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్లేవీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పిల్లల చదువు కోసం అటువంటి బోర్డు కొనడం వృథా ఖర్చు. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు ఆ మోడల్ వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి, ఎందుకంటే చాలాసార్లు అది కొన్న దేశానికే పరిమితమవుతుంది.

బోర్డును దుకాణంలోనే తెరిపించి, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి, మంచి వెలుతురులో పిన్నులను ఏటవాలుగా చూడాలి (ఏఎం4లో మాత్రం పిన్నులు సాకెట్‌కు కాక ప్రాసెసర్‌కే ఉంటాయి). అవన్నీ ఒకే దిశలో, ఒకే మెరుపుతో కనిపించాలి. ఒక్కటి వంగినా ఆ చోట మెరుపు తెగుతుంది. వంగిన పిన్నులకు వారంటీ సాధారణంగా వర్తించదు, కౌంటరు దాటాక అవి ముందే వంగి ఉన్నాయని నిరూపించలేం. పెట్టె మీది సీరియల్ నంబరు బోర్డు మీది నంబరుతో సరిపోవాలి, అదే నంబరు జీఎస్‌టీ బిల్లు మీద రాయించుకోవాలి. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకుండా బిల్లుతో పాటు పెట్టెలోనే దాచండి, ఎందుకంటే ఎప్పుడైనా బోర్డును సర్వీసు సెంటరుకు ఇవ్వవలసి వస్తే, సాకెట్ మీద ఆ మూత లేకుండా తీసుకోవడానికి వారు నిరాకరించవచ్చు.