తినిపించబోతే నోరు బిగించే పెద్దవారి విషయంలో నా అనుభవం

మా వృద్ధాశ్రమంలో మతిమరుపు వ్యాధి ఉన్న ఒక పెద్దావిడ, చెంచా దగ్గరకు రాగానే పెదవులు బిగించి ముఖం తిప్పేసుకునేవారు. అన్నాన్ని జావగా చేయడం, బతిమాలడం, టీవీ పెట్టడం, వేళ మార్చడం ఏవీ పనిచేయలేదు.

చివరికి ఫలించింది ఆవిడ చేతి కింద నా చెయ్యి ఉంచే పద్ధతి. ముందు ఆవిడను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు పెట్టి, చేతులు కడిగించి, ఒళ్ళో మామూలు తువ్వాలు పరిచాను. నేను నిలబడకుండా, ఆవిడ కుడి పక్కన అంతే ఎత్తులో కూర్చుని, "అమ్మా, పప్పన్నం ముందా, బీరకాయ కూర ముందా?" అని అడిగాను. ("ఆ... అనండి" అంటూ పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం, ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ వడ్డించిన మనిషికి అవమానమేనని నా అభిప్రాయం.) తర్వాత నా వేళ్ళతో చిన్న ముద్ద పట్టుకుని, ఆవిడ అరచేతిని నా చేతి మీద ఆనించుకుని, రెండు చేతులూ కలిసి నోటి దాకా వెళ్ళేలా మెల్లగా కదిపాను, తన చెయ్యే వస్తున్నట్టు తోచడం వల్ల కాబోలు, ఆవిడ తనంతట తానే నోరు తెరిచారు. మింగినట్టు గొంతు కదలిక కనబడేదాకా రెండో ముద్ద ఎత్తలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోగానే ఆపేశాను. తిన్నాక అరగంట సేపు పడుకోబెట్టలేదు.

ఇది అందరికీ కుదురుతుందని చెప్పలేను. పక్షవాతంతో చెయ్యి బిగుసుకున్నవారికి కష్టం కావచ్చు. తరచూ పొలమారేవారికి, పంటి నొప్పి ఉన్నవారికి మాత్రం ముందు వైద్యుని సంప్రదించాలి.