గృహ కూడికలో ఐదు నిమిషాల సాక్ష్యం చెప్పడమెలా?

దేవరకొండ వైపు మా ఊళ్లో శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఎవరో ఒకరి ఇంటి ముందు చాపలు పరుస్తారు. రెండు పాటలు, ఒక ప్రార్థన అయ్యాక, సాక్ష్యం, అంటే ప్రభువు తమ బతుకులో చేసిన పని, చెప్పేవాళ్లుంటే చెప్పండని మా పాస్టరు అయ్యగారు అంటారు. ఆ మాట వినగానే సగం మంది తల వంచుకుంటారు. మిగిలిన సగంలో ప్రతివారం లేచే ఇద్దరు ముగ్గురే లేచి, ప్రతివారం చెప్పిందే చెబుతారు. తల వంచుకునే వాళ్ల దగ్గర చెప్పవలసిన సంగతి లేక కాదు, దాన్ని ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో తెలియక ఊరుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. లేచాక కూర్చోవడం తెలియని నా వంటి వాళ్లు కూడా చదివితే నష్టం లేదు.

సాక్ష్యమనే మాటను మనం మందిరంలో విని విని అది పంచాయితీ మాట, కోర్టు మాట అన్న సంగతి మరచిపోయాము. గెట్టు తగాదాలో, అంటే పొలం హద్దు తగాదాలో, సాక్షిగా నిలబడిన మనిషి తాను కళ్లారా చూసింది, చెవులారా విన్నది చెప్పాలే తప్ప, దానికి తన ఊహ కలపకూడదు, తనకు ఇష్టమైన పక్షానికి మేలు జరగాలని ఒక్క మాట కూడా పెంచకూడదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలుకకూడదన్న తొమ్మిదవ ఆజ్ఞను మనం కోర్టు బోనుకే పరిమితం చేసి చదువుతాము గాని, చాప మీద నిలబడి మైకు పట్టుకున్నప్పుడు కూడా ఆ ఆజ్ఞ మన మీద ఉంటుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు చూపునిచ్చిన పుట్టు గ్రుడ్డివాడిని పరిసయ్యులనే యూదుల మతపెద్దలు రెండుసార్లు పిలిపించి అడిగితే, తనకు తెలియని దాన్ని తెలియదని ఒప్పుకుని, తెలిసిన ఒక్క సంగతిని మాత్రం గట్టిగా చెప్పాడు: ఇంతకు ముందు చూపు లేదు, ఇప్పుడు చూస్తున్నాను. సాక్ష్యానికి నేను చూపే మొదటి నమూనా ఆ మనిషే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల కిందట మా చిన్నవాడికి డెంగీ జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, పట్నంలో ఒక ఆస్పత్రిలో ఆరు రోజులు ఉంచవలసి వచ్చింది. వాడు బాగై ఇంటికి వచ్చిన వారమే నేను కూడికలో లేచి, డాక్టర్లు చేతులెత్తేశారు, ఇక లాభం లేదన్నారు, ప్రభువే బతికించాడు అని ఏడుస్తూ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికి నడిచి వస్తుంటే నా భార్య, "ఏందయ్యా, డాక్టరు గట్ల ఎప్పుడన్నడు? రెండు రోజులు చూడాలె అన్నడు, అంతే గద. నేను లేనప్పుడు గిట్ట అన్నడా?" అని అడిగింది. నిజానికి ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. అది నేను ఎన్నో సాక్ష్యాల్లో విన్న మాట. నోటికి అలవాటై, నా సంగతి చెప్పేటప్పుడు తానే వచ్చి కూర్చుంది. ఆ మాట పెట్టడం కోసం నేను వదిలేసింది మరొకటి ఉంది. అర్ధరాత్రి రక్తం అవసరమైతే మా పక్కింటాయన, మన విశ్వాసి కాని మనిషి, మోటారు సైకిల్ మీద ముప్పై కిలోమీటర్లు పోయి దాతను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. నా సాక్ష్యంలో ఆయన లేడు. ఆ రాత్రి మైకు వీధి చివరి దాకా వినబడిందనీ, ఆయన తన గడప మీద కూర్చుని అంతా విన్నాడనీ తరువాత తెలిసింది.

అందుకే సిద్ధపాటు కూడిక రోజు సాయంత్రం మొదలుపెట్టవద్దని చెబుతాను. సిద్ధపాటు నోటుబుక్కుతో, రోజువారీ వాక్య ధ్యానంతో మొదలుకావాలి. వాక్యం చదవకుండా చెప్పే సాక్ష్యం కష్టసుఖాల కథగా మిగిలిపోతుంది. మన బతుకు కలపకుండా చదివిన వాక్యం బడి పాఠంగా మిగిలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మార్కు సువార్త ఇస్తాను. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి; రోజుకొకటి చొప్పున పదహారు రోజుల్లో ఒకసారి పూర్తవుతుంది. ఆదికాండంతో మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోయిన వాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ఆగిపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మన తెలుగు బైబిలు భాష పాతది కాబట్టి పైకి చదవాలి, కంటితో పరుగెత్తకూడదు. చదవడం రాని పెద్దవాళ్లు ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకుని విన్నా సరిపోతుంది, ఒకే భాగాన్ని మూడుసార్లు వినాలి, అంతే. పాత భాషకు భయపడనవసరం కూడా లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను నోట వచ్చే చేట, కళ్లము, పొట్టు అన్న మాటలు పట్నంలో చదువుకున్న పిల్లలకు అర్థం చెప్పాలేమో గాని, మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వడ్లు తూర్పారబట్టిన ఏ ముసలమ్మకైనా చెప్పనక్కరలేదు. ఇటువంటి చోట చదువు రాని వాళ్లను అడిగి తెలుసుకోవడం మేలు. బైబిలు స్టడీలో వాళ్లు కూడా నోరు తెరిచే అవకాశం అప్పుడు వస్తుంది.

చదివాక నోటుబుక్కులో మూడు సంగతులు రాసుకోవాలి: ఈ భాగంలో ఏమి జరిగింది, నా ఇంట్లోనో పొలంలోనో దీనికి దగ్గరగా ఉన్నది ఏది, ఈ రోజు నేను చేయవలసిన ఒక్క పని ఏది. పెద్ద పెద్ద మాటలు వద్దు. నా పాత నోటుబుక్కులో మార్కు 4వ అధ్యాయానికి, అంటే విత్తువాని ఉపమానానికి, నేను రాసుకున్న పేజీని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "రాతినేల. మన్ను లోతు లేదు, తొందరగ మొలిచింది, ఎండింది. మా గుట్ట కింది చెలక అంతే. నేను: పోయిన నెల ఉపవాస ప్రార్థనలో తమ్మునితో మాట్లాడుతనని తీర్మానం చేసుకున్న. ఇంక పోలేదు. పని: ఆదివారం లోపల పోవాలె." దాని కింద తొమ్మిది రోజుల తరువాత వేరే సిరాతో మరొక వాక్యం ఉంది: "తమ్మునింటికి పోయిన. చాయ తాగిన. గెట్టు మాట ఎత్తలేదు."

ఆ రెండో వాక్యమే సాక్ష్యం. అందులో జ్వరం తగ్గలేదు, ఉద్యోగం రాలేదు, మూడేళ్లుగా మాటలు లేని అన్నదమ్ములిద్దరు ఒక అరుగు మీద కూర్చుని చాయ తాగారు. గెట్టు తగాదా తీరిందని కూడా నేను చెప్పలేను, ఎందుకంటే అప్పటికి తీరలేదు. జరిగినంత మేరకే చెప్పాలి. మన కూడికల్లో అద్భుతమైతేనే సాక్ష్యమన్న అభిప్రాయం పాతుకుపోయింది. దానివల్ల నిశ్శబ్దంగా మారిన వాళ్లు తమ దగ్గర ఏమీ లేదనుకుంటున్నారు. మార్కు 5వ అధ్యాయంలో సేన అనే దయ్యాలు వదిలిన మనిషి తాను కూడా వెంట వస్తానని యేసును బతిమాలుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు, నీ ఇంటివారి దగ్గరికే వెళ్లి చెప్పమన్నాడు. వాడి పాత బతుకు తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు మరి.

చెప్పవలసిన సంగతి దొరికాక దాన్ని వరుసలో పెట్టడానికి అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం తెరిచి పెట్టుకోండి. పౌలు మారుమనస్సు వృత్తాంతం, అంటే విశ్వాసులను హింసించిన మనిషి యేసును నమ్మిన సంగతి, ఆ గ్రంథంలో మూడుసార్లు వస్తుంది: 9వ అధ్యాయంలో లూకా చెబుతాడు, 22లోను 26లోను పౌలే చెబుతాడు. అగ్రిప్ప రాజు ముందు చెప్పినదాన్ని పెన్సిలుతో గీతలు గీసి చూస్తే దాని కట్టుబడి తెలుస్తుంది. 4 నుంచి 11వ వచనం వరకు తాను ముందు ఎలాంటివాడో, 12 నుంచి 18 వరకు దమస్కు దారిలో ఏమి జరిగిందో, 19 నుంచి ఆ తరువాత తాను ఏమి చేస్తూ వచ్చాడో చెప్పాడు. అంతా కలిపి నింపాదిగా చదివితే ఐదు నిమిషాలకు మించదు. మనలో చాలామంది మొదటి భాగానికే, అంటే పాత తాగుడు, పాత కొట్లాటలు, పాత అప్పులకే నాలుగు నిమిషాలు ఇచ్చి, ప్రభువుకు చివరి అర నిమిషం ఇస్తారు. వినేవాళ్లకు తాగుడు కథే గుర్తుంటుంది. మూడో భాగాన్ని, ఇప్పుడు నేనెలా ఉన్నాను అన్నదాన్ని, అన్నిటికంటే పెద్దది చేయమని నా సలహా. ఆ ప్రసంగంలోనే పౌలు ఇదేదో మూలన జరిగిన పని కాదనీ, రాజుకు కూడా తెలిసినదేననీ ధైర్యంగా అంటాడు. మన సాక్ష్యం గురించి కూడా ఊరివాళ్ల ముందు ఆ మాట అనగలమా అని ప్రతి వాక్యం దగ్గర ఆగి అడుక్కోవాలి.

ఇప్పుడు కాగితం మీద పూర్తిగా రాయండి. చేతిరాతలో రెండు, రెండున్నర పేజీలు చాలు. తేదీ, చోటు, మనిషి అన్న వివరాలు ఉంచండి. "ఎన్నో శ్రమలు", "ఎన్నో మేలులు" వంటి మాటలు కొట్టేసి, ఆ శ్రమ ఏదో, ఆ మేలు ఏదో ఒక్కొక్కటే రాయండి. వాక్యం ఒక్కటే ఎంచుకోండి, అది కూడా ఆ సమయంలో నిజంగా చదివినదై ఉండాలి. ఆ తరువాత గడియారం ముందు పెట్టుకుని పైకి చదవండి. చివరగా, ఆ సంగతి జరిగినప్పుడు పక్కన ఉన్న మనిషికి వినిపించండి. ఈ చివరి మెట్టును ఎవరూ దాటవేయకూడదు. భార్య, భర్త, అత్త, తోడికోడలు, ఎవరైనా సరే, "గట్ల కాలేదు" అంటే అక్కడ దిద్దుకోవాలి.

వదిలేయవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. బిడ్డ కాపురం సంగతి, కోడలి ఆరోగ్యం, అన్న అప్పు మీవి కావు. వాళ్ల అనుమతి లేకుండా చెప్పవద్దు, ప్రార్థన అంశం పేరుతో కూడా చెప్పవద్దు. బీపీ, షుగర్, ఫిట్స్ మాత్రలు మానేశాను, నాకేమీ కాలేదు అని ఎవరూ చెప్పకూడదు, ఎందుకంటే విన్న పదిమందిలో ఒకరు రేపు పొద్దున మాత్ర మానేస్తారు. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. మందు వేసుకోవడం అవిశ్వాసమని బైబిలు ఎక్కడా అనలేదు. ఇక పొరుగువారి దేవుళ్లను, పండుగలను ఎత్తి మాట్లాడడం మనకు తగదు. నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతోను భయంతోను సమాధానం చెప్పమని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం చెబుతున్నది. బోనమెత్తిన ఇంటి ఆడబిడ్డ మన మైకు విని తలుపు మూసుకుంటే, ఆ రాత్రి మనం చెప్పినదాన్ని ఎవరు విన్నట్టు? ముప్పై మంది ఉన్న కూడికకు అసలు మైకు ఎందుకన్నది నా ప్రశ్న.

ఈ ప్రాంతపు పాత సంఘాల చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 1890 ప్రాంతంలో రష్యా దేశపు మెనొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసన్ నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తరువాతి దశాబ్దాల్లో అమెరికా మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల వంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. వారి పక్కన ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు వాకిట్లో కూర్చుని, బియ్యం ఏరుతున్న ఆడవాళ్లతో మాట్లాడారు. వాకిట్లో మాట్లాడే గొంతుతో చెబితేనే సాక్ష్యం చెవికెక్కుతుందని నేను అనుకుంటాను. కాబట్టి కూడికలో లేచినప్పుడు ప్రసంగ స్వరం పెట్టవద్దు. కాగితం చేతిలో ఉంచుకోవచ్చు, సిగ్గుపడనక్కరలేదు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చేయండి. మొదటిది వస్తే భయం తగ్గుతుంది, చివరిది వస్తే కూర్చోగలుగుతారు. ఏడుపు వస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టండి.

తప్పు చెప్పామని తరువాత తెలిస్తే ఏమి చేయాలి? ఎక్కడ చెప్పామో అక్కడే, వచ్చే వారమే దిద్దాలి. నేను అలా చేయడానికి మూడు వారాలు తీసుకున్నాను. మూడో శుక్రవారం కూడిక మా ఇంటి ముందే పెట్టించి, పక్కింటాయనను కూడా పిలిచాను. ఆయన లోపలికి రాలేదు, గోడ పక్కన నిలబడ్డాడు. డాక్టరు లాభం లేదనలేదు, రెండు రోజులు చూడాలన్నాడు. రక్తం తెచ్చింది ఈయన. ఆ రాత్రంతా నేను 46వ కీర్తన చదువుకుంటూ కూర్చున్నాను. ప్రభువు వీళ్లందరి చేతుల మీదుగా నా కొడుకును నాకిచ్చాడు అని చెప్పి కూర్చున్నాను. అర నిమిషం పట్టిందేమో. అయ్యగారు పాట అందుకున్నారు, నా భార్య లోపలికి పోయి చాయ గ్లాసులు లెక్కపెట్టి, గోడ పక్కకు కూడా ఒకటి పంపింది.