నీళ్లోడని వేడి వేడి డిప్: అరటిపువ్వు, పాలకూరతో స్లో కుక్కర్‌లో

స్లో కుక్కర్‌లో, అంటే కరెంటుతో సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే కుండలో, నీళ్లు ఇగరవు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా తేలికే. మూకుట్లో కూర వేసి మూత తీసి ఉంచితే నీరంతా ఇగిరిపోయి కూర దగ్గరపడుతుంది. స్లో కుక్కర్‌లో అలా కాదు. పైకి లేచిన ఆవిరి గాజు మూతకి తగిలి, చుక్కలై, మళ్లీ గిన్నెలోకే పడుతుంది. అందుకే నాలుగు గంటలు ఉంచినా కూరలో నీరు కూరలోనే ఉంటుంది. డిప్ పల్చనైపోయిందనీ, పైన నీళ్లు తేలాయనీ మా చర్చి ప్రార్థన కూడికలో ఆడవాళ్లు చెబుతుంటే నేను అడిగేది ఒక్కటే: పాలకూర గట్టిగా పిండారా?

డిప్ అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కలు. చీజూ క్రీమూ కలిపి చేసిన చిక్కటి ముద్దలో సన్నగా తరిగిన కూరలు వేసి, గోరువెచ్చగా కాదు, బాగా వేడిగా పెడతారు. దాంట్లో చిప్సో రొట్టెముక్కో ముంచుకుని తింటారు. అమెరికాలో పార్టీల్లో పాలకూర, ఆర్టిచోక్ వేసి చేసేది బాగా ప్రసిద్ధి. ఆర్టిచోక్ అంటే విచ్చుకోకముందే కోసిన పెద్ద పూమొగ్గ. కాలిఫోర్నియాలో విస్తారంగా పండుతుంది. మన నరసాపురంలో దొరకదు, డబ్బాల్లో తెప్పిస్తే ధర చూసి కళ్లు తిరుగుతాయి. దాని బదులు నేను అరటిపువ్వు వేస్తాను. అదీ విచ్చని మొగ్గే, దానికీ దొప్పలుంటాయి, లోపల లేత మొవ్వుంటుంది, కాస్త వగరుంటుంది. పైగా గోదావరి లంకల్లో అరటితోటలకి కొదవా?

నేను దీన్ని ఎక్కువగా డిసెంబరులో, సెమీ క్రిస్మస్‌లకీ ప్రేమవిందులకీ చేస్తాను. పాటలు, వాక్యం, సాక్ష్యాలు అయ్యేసరికి ఎంత రాత్రవుతుందో ఎవరికీ తెలియదు. బజ్జీలు ఈలోపు చల్లారి మెత్తబడిపోతాయి. స్లో కుక్కర్ మూలన ప్లగ్గుకి పెట్టేస్తే, చివరి ప్రార్థన అయ్యాక మూత తీసినా పొగలు వస్తాయి. నాకు దీనితో ఉన్న పెద్ద ఉపయోగం అదే. పప్పుకీ కూరకీ దీన్ని వాడను, వాటికి గ్యాసూ ప్రెషర్ కుక్కరూ ఉన్నాయి.

సన్నసెగ మీద గంటల తరబడి మగ్గించడం మనకి కొత్తేమీ కాదు. మా అత్తగారింట్లో దాలిలో పిడకల మీద పాలకుండ పెట్టేవారు. సాయంత్రానికి పాలు ఎర్రబడి, వేలు మందాన మీగడ కట్టేది. విద్యుత్తుతో ఆ పని చేసే కుండ అమెరికాలో 1971లో క్రాక్ పాట్ అనే పేరుతో వచ్చి ఇంటింటికీ చేరింది. లోపల బరువైన పింగాణీ గిన్నె, దాని చుట్టూ పక్కల నుంచి వేడినిచ్చే కాయిల్. ‘లో’లో పెట్టినా ‘హై’లో పెట్టినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరిగేదానికి కాస్త తక్కువ. ‘లో’లో ఆ వేడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే తేడా. పాలపదార్థాలకి ఆ నిదానమే కావాలి.

ముందు ఏమేం కావాలో చెబుతాను. పదిహేను మందికి సరిపోయే కొలత ఇది. ఒక మోస్తరు అరటిపువ్వు, అరకిలో పాలకూర, 200 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్, 200 గ్రాముల మెత్తటి పనీర్, 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ ఒకటి, 50 గ్రాముల జీడిపప్పు, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్. ఒక పెద్ద ఉల్లిపాయ, ఎనిమిది వెల్లుల్లి రేకలు, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల వెన్న, మిరియాల పొడి, ఉంటే చిటికెడు జాజికాయ పొడి, అర నిమ్మచెక్క. జీడిపప్పు గుళ్లు కొనక్కర్లేదు, ఎలాగూ రుబ్బేదే కదా, ముక్కలు చాలు. మాకు రేవు దాటితే సఖినేటిపల్లి, అక్కడికి దగ్గర్లోనే మోరి. అక్కడి జీడిపప్పు ముక్కలు తెచ్చి డబ్బాలో పోసి ఉంచుకుంటాను.

అరటిపువ్వు ఒలవడం తెలిస్తే సగం పని అయినట్టే. కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి, సైజుకి తగ్గ బరువుండాలి, దొప్పలు బిగుసుకుని ఉండాలి. పైదొప్పలు విచ్చుకుని వేలాడుతుంటే ముదిరిందన్నమాట. ఒలిచే ముందు చేతులకీ కత్తిపీటకీ కొబ్బరినూనె రాసుకోండి. లేకపోతే ఆ జిగురు నల్లటి మరకై రెండు రోజులు పోదు, బట్టల మీద పడితే అసలు పోదు.

ఒక్కో ఎర్రదొప్ప ఎత్తితే కింద రెండు వరసల్లో సన్నటి పూలుంటాయి. ఆ వరసని గుత్తిగా తుంచి, కొనలు అరచేతిలో వేసి నలిపితే పూలు కాస్త విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వులో రెండు తీసేయాలి. ఒకటి, మధ్యలో నిటారుగా ఉండి కొన గుండ్రంగా ఉబ్బిన గట్టి పుల్ల. రెండోది, మొదట్లో అంటుకుని ఉండే గాజులా అవతలిది కనిపించే చిన్న పొర. ఇవి ఎంత ఉడికినా ఉడకవు. క్రీమ్‌లో మెత్తగా తింటున్నప్పుడు పంటికింద పుల్ల తగిలితే ఇంక రెండోసారి ఎవరూ ముంచుకోరు. టీవీ ముందు కూర్చుని తీరిగ్గా ఒలిచే పని ఇది, తొందరున్న రోజు పెట్టుకోవద్దు. నాలుగైదు దొప్పలు దాటాక లోపలి పూలు లేతగా ఉంటాయి, వాటికి పుల్ల తీయక్కర్లేదు. ఇంకా లోపలికి వెళ్తే దొప్పలే తెల్లబడతాయి. ఆ మొవ్వుని అలాగే మొత్తం సన్నగా తరిగేయొచ్చు.

తరిగిన ముక్క తరిగినట్టే పసుపు వేసిన పల్చటి మజ్జిగలో పడాలి. గాలి తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది. మజ్జిగ ఆ నలుపుని ఆపుతుంది, వగరునీ తగ్గిస్తుంది. అరగంట నాననిచ్చి, ముక్కల్ని రెండుసార్లు మంచినీళ్లలో కడగండి. అరటిపువ్వు వడలకైతే ఇంత కడగరు కానీ, ఇక్కడ పులుపు మిగిలితే తర్వాత క్రీమ్ విరుగుతుంది. కడిగాక ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వార్చి, చల్లారాక పిడికిలితో గట్టిగా పిండండి. ఆ నీళ్లు పారబోయండి, వగరంతా అందులోకే దిగుతుంది.

పాలకూర పని చిన్నదే. ముదురు కాడలు తీసేసి, మరుగుతున్న నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే పచ్చదనం పోదు. తర్వాత పల్చటి పాత నూలు బట్టలో మూటగట్టి, మూతి పట్టుకుని మెలి తిప్పుతూ పిండాలి. మొదట ధారగా, తర్వాత చుక్కలుగా నీళ్లు వస్తాయి. ఆగిపోయిందనుకున్నాక మూట విప్పి, ముద్దని విడదీసి, మళ్లీ కట్టి పిండండి, ఇంకా వస్తాయి. అరకిలో ఆకు చివరికి ఒక గుప్పెడవుతుంది. అలా కాకపోతే ఇంకా నీళ్లున్నట్టే. పిండిన ముద్దని సన్నగా తరగాలి, పొడుగు ఆకులుంటే ముంచినప్పుడు చిప్స్‌కి వేలాడతాయి.

‘పాలకూరెందుకు వదినగారూ, పెరట్లో గోంగూరుందిగా, అది వేస్తే పోదా అండి?’ అని మా పక్కింటావిడ అడిగింది. గోంగూర మీద నాకూ ప్రేమే కానీ ఆ పులుపుకి పాలు నిలవవు. బచ్చలి వేస్తే జిగురు. తోటకూర మాత్రం వేయొచ్చు, ఇలాగే పిండి.

ఇప్పుడు పాల సంగతి. చాలామంది క్రీమ్ చీజ్ వాడతారు. పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, దొరికితే అదే వాడుకోండి. మా దగ్గర దొరికేది పనీరే. నానబెట్టిన జీడిపప్పునీ పనీర్‌నీ క్రీమ్‌తో కలిపి మిక్సీలో వేసి, వేళ్ల మధ్య పలుకు తగలనంత మెత్తగా తిప్పండి. అందులో కార్న్‌ఫ్లోర్ కలపండి. మజ్జిగపులుసు విరగకుండా శనగపిండి కలుపుతాం చూడండి, అదే సూత్రం. పిండి, కొవ్వు రెండూ పాలలోని ప్రొటీన్ గడ్డకట్టకుండా అడ్డుపడతాయి. అందుకే పాలు పోసి పల్చన చేయొద్దు, కొవ్వు తగ్గితే విరగడం ఎక్కువవుతుంది. పెరుగు అసలొద్దు.

చీజ్ కూడా ప్రాసెస్డ్‌దే తీసుకోండి. కరిగినప్పుడు నూనె విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు అందులో కలిపే ఉంటాయి కాబట్టి గంటలు గడిచినా నున్నగానే ఉంటుంది. మొజరెల్లా తీగలుగా సాగుతుంది. పిల్లలకి సరదాగానే ఉంటుంది కానీ వేడి మీద ఎక్కువసేపు ఉంటే రబ్బరైపోతుంది.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివి వేసేస్తే అవే మగ్గుతాయి కదా అనుకోవద్దు. స్లో కుక్కర్‌లో అవి ఉడుకుతాయే తప్ప వేగవు, పచ్చివాసన అలాగే ఉండిపోతుంది. మూకుట్లో వెన్న వేసి ఉల్లిపాయలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి మెత్తబడేదాకా వేయించండి. అందులోనే అరటిపువ్వు వేసి, చివర్లు కాస్త ఎర్రబడి, మూకుడు అడుగున చుయ్యిమనే చప్పుడు ఆగేదాకా తిప్పండి. ఆ చప్పుడుంటే ఇంకా నీళ్లున్నాయని అర్థం. పాలకూర వేసి రెండు నిమిషాలు కలిపి దించేయండి.

కుక్కర్ గిన్నెకి లోపలంతా వెన్న రాసి, రుబ్బిన ముద్ద, వేయించిన కూర, తురిమిన చీజ్‌లో సగం, మిరియాల పొడి, జాజికాయ వేసి కలపండి. ఉప్పు ఇప్పుడు వేయకండి, చీజ్‌లో బోలెడుంటుంది, చివర్లో రుచి చూసి వేసుకోవచ్చు. గిన్నె సగానికి పైగా నిండాలి. పెద్ద గిన్నెలో కొంచెం పోస్తే అంచులు మాడతాయి. మూత కింద ఒక శుభ్రమైన మందపాటి బట్ట పరిచి మూత పెట్టి, బట్ట అంచుల్ని మూత పైకి మడిచేయండి, వేడి పెట్టెకి తగలకూడదు. మూతకి పట్టే ఆవిరినంతా ఆ బట్టే పీల్చుకుంటుంది.

‘లో’లో రెండు గంటలు. గంటకి ఒక్కసారి తీసి, అంచుల్నించి లోపలికి కలిపి వెంటనే మూసేయండి. వాసన వస్తోందని మాటిమాటికీ మూత ఎత్తితే, ఎత్తిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. గంటన్నర దాటాక మిగతా చీజ్ వేయండి. గరిటెతో ఎత్తితే ధారగా కారకుండా ముద్దముద్దగా జారాలి. గట్టిగా ఉంటే రెండు చెంచాల వేడిపాలు చాలు. పల్చగా ఉంటే బట్ట మార్చి, మూత కొద్దిగా వారగా పెట్టి ఇంకో అరగంట ఉంచండి. ‘వార్మ్’కి మార్చాక నిమ్మరసం పిండండి, ముందు మాత్రం వద్దు. వార్మ్‌లో మూడు గంటల దాకా నిశ్చింతగా ఉంచొచ్చు, మధ్యమధ్యలో కలుపుతూ.

అమెరికా నుంచి చుట్టాలెవరైనా స్లో కుక్కర్ తెచ్చిచ్చి ఉంటే, ప్లగ్గులో పెట్టే ముందు కిందున్న స్టిక్కర్ చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి పెట్టేస్తే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది, కాయిల్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, కుక్కర్ 250 వాట్లదైతే ట్రాన్స్‌ఫార్మర్ 500ది తీసుకోండి. దాని ధర విన్నాక చాలామంది ఇక్కడే ఒకటి కొనుక్కుంటారు, అదే మేలు.

కరెంటు పోతే కంగారు పడకండి, మూత తీయకుండా ఉంటే కాసేపు వేడి నిలుస్తుంది. ఎంతకీ రాకపోతే డిప్‌ని వేరే గిన్నెలోకి తీసి, ఆ గిన్నెని మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి సిమ్‌లో వేడి చేయండి. పింగాణీ గిన్నెని నేరుగా స్టవ్ మీద పెట్టొద్దు, పగులుతుంది. స్లో కుక్కర్ లేనివాళ్లూ ఇలాగే నీళ్లగిన్నెలో చేసి, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌లోకి మార్చి వార్మ్‌లో పెట్టుకోవచ్చు.

దేంతో తినాలన్నది ఎవరిష్టం వారిది. జంతికలు ముంచగానే విరిగి గిన్నెలో మిగిలిపోతాయి. పప్పుచెక్కలు బలంగా నిలుస్తాయి, అరటికాయ చిప్స్ అయితే మందంగా కోసినవి కావాలి. నా ఓటు దిబ్బరొట్టెకి. అడుగున ఎర్రగా కరకరలాడే పెచ్చు ఉంటుందే, ఆ వైపుతో తోడుకుంటే చీజ్ బాగా పట్టుకుంటుంది. ‘ఇదేం పచ్చడమ్మా, సెగలు కక్కుతోంది?’ అని మా కూడికలో ఒక మామ్మగారు మొదట అనుమానంగా చూసి, తర్వాత రొట్టె పక్కన పెట్టి గరిటెతోనే వడ్డించమన్నారు.

మిగిలితే చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి. తిరిగి వేడి చేయడం స్టవ్ మీదే, స్లో కుక్కర్ చల్లటిదాన్ని వేడెక్కించడానికి మరీ ఎక్కువసేపు తీసుకుంటుంది. పొద్దున్న దోశ మీద రాసి మడిచినా బాగుంటుంది. లేత పనసకాయలు వచ్చే రోజుల్లో అరటిపువ్వు బదులు పనసపొట్టు వేయొచ్చు. రెండు కప్పుల పొట్టు ఉడికించి, అదే బట్టలో, అంతే గట్టిగా పిండి వేయండి.