ధర్మకర్త గారూ, బడి ఎందుకు మొరాయిస్తోంది?

చెన్నైలో తెలుగువాళ్ళు పెట్టిన బడులకు పెద్ద చరిత్రే ఉంది. జార్జిటౌన్‌లో కన్యకా పరమేశ్వరీ దేవస్థానం వారి పాఠశాలలు, మైలాపూరులో కేసరి పాఠశాల అందరికీ తెలిసినవే. పేరు అంతగా వినబడని చిన్న ట్రస్టు బడులు ఇంకా ఉన్నాయి. గుడి పక్కనో, సత్రం వెనకో ఏదో ఒక భక్తసమాజం వాటిని నడుపుతూ ఉంటుంది. ఆ కమిటీల్లోకి రిటైరైన బ్యాంకు అధికారినో, ఆడిటరునో, గుడికి ధారాళంగా ఇచ్చే వ్యాపారినో పిలుస్తారు. శాలువా కప్పుతారు. ట్రస్టు దస్తావేజు మాత్రం చేతికివ్వరు.

అడిగి తీసుకోండి. దస్తావేజు లేదా సంఘం నియమావళి, మూడేళ్ళ ఆడిట్ నివేదికలు, గత ఏడాది మినిట్స్ పుస్తకం చదివాకే సమావేశంలో నోరు విప్పండి. ఆ తర్వాత కింది లక్షణాల్లో మీ బడికి ఏవి ఉన్నాయో చూసుకోండి.

మీటింగు మూడు గంటలు, బడి మాట చివరి పది నిమిషాలు

నవరాత్రుల అలంకారం ఎవరిది, కల్యాణానికి వంటవాళ్ళెవరు, ఉత్సవమూర్తి వాహనానికి మరమ్మతు ఎప్పుడు. ఇవన్నీ తేలేసరికి కాఫీ చల్లారిపోతుంది. అప్పుడు కరస్పాండెంటు (ట్రస్టు తరఫున బడి వ్యవహారాలు చూసే బాధ్యులు) లేచి, "బడి విషయాలు రెండున్నాయి, మీరు సరేనంటే..." అంటారు. అందరూ సరేనంటారు.

గుడికీ బడికీ అదే ధర్మకర్తలు, అదే గది, అదే అజెండా కావడం దీనికి మూలం. కాబట్టి బడికి వేరే తేదీ, వేరే మినిట్స్ పుస్తకం పెట్టించండి. అజెండా వారం ముందే అందాలి. మొదటి అంశం హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయుడి) రాతపూర్వక నివేదిక. హాజరు, ఖాళీ పోస్టులు, ఫలితాలు, వచ్చిన ఫిర్యాదులు అన్నీ కలిపి రెండు పేజీలు చాలు.

బ్యాంకు ఖాతా కూడా వేరుగా ఉండాలి. "హుండీ సొమ్ము బడికి వాడితే తప్పేమిటండీ, అదీ దేవుడి పనే కదా" అనే మాట తప్పక వస్తుంది. దస్తావేజు ఒప్పుకుంటే, తీర్మానం చేసి, చెక్కు ద్వారా బదిలీ చేయవచ్చు. చిక్కు వేరే చోట ఉంది. కొందరు గుడి ప్రాకారంలో 'విద్యానిధి' అని రాసి ఒక డబ్బా పెడతారు. దాత పేరు, చిరునామా లేని విరాళాల విషయంలో మతకార్యాలకూ దాతృత్వానికీ కలిపి పెట్టిన ట్రస్టుకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. అదే సొమ్ము బడికోసమని ప్రత్యేకంగా చెప్పి తీసుకుంటే ఆ మినహాయింపు పోతుంది, ఒక పరిమితి దాటిన మొత్తంపై 30 శాతం పన్ను పడుతుంది. డబ్బా తీసేసి రసీదు పుస్తకం పెట్టండి.

హెచ్.ఎం.లు నిలవడం లేదు

రెండేళ్ళకొకరు మారుతుంటారు. "ఈ కాలం వాళ్ళకు ఓపిక లేదు" అని కమిటీ తీర్మానించుకుంటుంది. అసలు కారణం కావాలంటే ఒక ఉదయం బడి వరండాలో కూర్చోండి. ఒక ధర్మకర్త గారు నేరుగా ఐదో తరగతికి వెళ్ళి టీచరును ప్రశ్నిస్తారు. ఇంకొకరు ఫోను చేసి ఫలానావారి అబ్బాయిని 'ఎ' సెక్షనుకు మార్చమంటారు. మరొకరి శ్రీమతి గారు వార్షికోత్సవ నృత్యంలో ముందు వరుస ఎవరిదో ఖాయం చేస్తారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. కానీ హెచ్.ఎం.కు అందరూ యజమానులే అయిపోతారు.

నన్నడిగితే ట్రస్టు బడుల తంటాల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి. సభ్యుడికి విడిగా ఏ అధికారమూ లేదు. అధికారం కోరం ఉన్న సమావేశానిది, అక్కడ రాసిన తీర్మానానిది. సమావేశం ముగిశాక బడి గేటు దాటితే మీరూ సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టాల్సిన మనిషే.

పరిష్కారం ఒక్క కాగితంలో సరిపోతుంది. ఫీజు, బడ్జెట్టు, పోస్టులు, విధానాలు కమిటీవి. టైమ్‌టేబులు, సెక్షన్లు, ఏ టీచరుకు ఏ తరగతి, రోజువారీ క్రమశిక్షణ హెచ్.ఎం.వి. కమిటీ నుంచి బడికి వెళ్ళే ప్రతి మాటా కరస్పాండెంటు ద్వారానే వెళ్ళాలి. దీన్ని తీర్మానంగా రాయించి అందరి చేత సంతకం చేయించండి.

ఆదివారం పూట ఒక తల్లి మీకు ఫోను చేస్తుంది. మొత్తం వినండి. విన్నాక, "అమ్మా, ముందు క్లాసు టీచరుతో, తర్వాత హెచ్.ఎం.తో మాట్లాడండి. అప్పటికీ తేలకపోతే కరస్పాండెంటు గారికి రాసివ్వండి" అని చెప్పి ఊరుకోండి. ఆ పైన 'ఊరికే చెవిన వేద్దామని' హెచ్.ఎం.కు ఫోను చేయకండి. ధర్మకర్త చెవిన వేసిన మాట అవతలివారికి ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

హెచ్.ఎం. పనితీరును కొలవడం మాత్రం కమిటీ బాధ్యతే. జూన్‌లో లక్ష్యాలు రాసుకోండి, సంవత్సరాంతంలో ఇద్దరు సభ్యులు కూర్చుని వాటితోనే పోల్చి చూడండి. లేకపోతే తీర్పు పదో తరగతి ఫలితాల రోజున, కోపంలో వెలువడుతుంది.

యూనిఫాం బట్ట ఎప్పుడూ ఒకే కొట్టు నుంచి

ఆ కొట్టు ఒక సభ్యుడి బావమరిదిది. ధర న్యాయమైనదే కావచ్చు, ఎవరూ నమ్మరు. టీచరు ఉద్యోగాలదీ ఇదే కథ. ప్రతి ఏప్రిల్‌లో సభ్యులందరూ తమ వ్యాపారాలు, బడిలో పనిచేసే బంధువుల పేర్లు రాసివ్వాలి. తమకు సంబంధమున్న అంశం వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళాలి, వెళ్ళినట్టు మినిట్స్‌లో పడాలి. కొనుగోళ్ళకు మూడు కొటేషన్లు తీసుకోండి. ఒక్క హెచ్చరిక: రాజ్యాంగం 30వ అధికరణం కింద బడికి భాషా మైనారిటీ హోదా ఉంటే టీచర్లను ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది. అర్హత లేనివారిని పెట్టుకునే స్వేచ్ఛ అందులో లేదు.

ప్రార్థన మీద ఒక తండ్రి అభ్యంతరం చెప్పారు

ఇది వచ్చినప్పుడు కమిటీ రెండుగా చీలుతుంది. "మన బడి, మన సంప్రదాయం, ఇష్టం లేకపోతే వేరే బడి చూసుకోవచ్చు" అని కొందరు. "ఎందుకొచ్చిన గొడవ, స్తోత్రాలు మానేద్దాం" అని కొందరు. రెండూ తొందరపాటే. అసలు లోపమేమిటంటే, బడిలో మతానికి ఉన్న చోటు ఎంతో ఎవరూ ఎప్పుడూ రాసుకోలేదు. పిల్లలందరూ మనవాళ్ళే అయిన రోజుల్లో ఆ అవసరం రాలేదు. ఇప్పుడు పక్క వీధి నుంచి తమిళ, మార్వాడీ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్ళ ఫీజుతోనే బడి నడుస్తోంది.

రాజ్యాంగం 28వ అధికరణం మూడో ఖండం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన లేదా సహాయం అందుకునే విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనమని నిర్బంధించకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి ఉండాలి. అంటే స్తోత్రం చెప్పించవచ్చు, బలవంతం చేయకూడదు.

అడ్మిషన్ ఫారంతో పాటు ఒక సమ్మతి పత్రం ఇవ్వండి. బడిలో ఏమేమి ఉంటాయో దాపరికం లేకుండా రాయండి: ఉదయం శ్లోకాలు, శుక్రవారం భజన, సరస్వతీ పూజ. ఏవి ఐచ్ఛికమో రాయండి. వద్దన్నవారి పిల్లలకు ఆ సమయంలో గ్రంథాలయం తెరిచి ఉంచండి. నీతి పాఠం, భాష, చరిత్ర అందరికీ ఉంటాయి. పూజకు మార్కులు ఉండవు, రానివాళ్ళ పేర్లు పిలవడం ఉండదు. ప్రసాదం వద్దన్న పిల్లను టీచరు కారణం అడగకూడదు. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఫిర్యాదులు ఎక్కువగా ఇలాంటి చోటే మొదలవుతాయి.

ఇక విశ్వాసం బలపడాలని నిజంగా కోరుకునే సభ్యులు ఒక పని చేయవచ్చు. శ్లోకం అర్థం చెప్పగల మనిషిని వెతకండి. అర్థం తెలియని వల్లెవేతతో పిల్లలకు అబ్బేది విసుగు ఒక్కటే.

తెలుగు తరగతి పలచబడుతోంది

కారణాలు ఒకటి కంటే ఎక్కువ. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా మైనారిటీలు మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. తల్లిదండ్రులే తెలుగు వద్దనడం ఇంకో కారణం, దాన్ని ఏ కోర్టూ తీర్చలేదు.

కమిటీ చేయగలిగింది ఉగాది సభలో వాపోవడం కాదు. తెలుగు టీచరు పోస్టు ఖాళీ అయితే ఎన్నాళ్ళకు నింపారో, పుస్తకాలు జూన్‌లోనే అందాయో లేదో, తెలుగు పీరియడు మధ్యాహ్నం చివరికి నెట్టారేమో అడగండి. ఒకటో తరగతిలో ఎంతమంది తెలుగు ఎంచుకున్నారో ఏటా లెక్క తెప్పించండి. మైనారిటీ హోదా పత్రాలు ఎవరి బీరువాలో ఉన్నాయో కూడా కనుక్కోండి. భాషా మైనారిటీని రాష్ట్రం ప్రాతిపదికనే లెక్కించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి తమిళనాట తెలుగువారికి ఆ హక్కుంది. హక్కున్నా కాగితం చూపించక తప్పదు.

నెలాఖరులో కోశాధికారి ఫోను ఎత్తరు

దాతలు గదులు కట్టిస్తారు, గోడమీద పాలరాతి పలక పెట్టిస్తారు. జీతాలకు పలక పెట్టలేం కాబట్టి జీతాలకు దాత దొరకడు. అందుకే భవనం పెరిగేకొద్దీ లోటూ పెరుగుతుంది. కొత్త గది ఇస్తామన్న దాతను అందులో పాతిక శాతం నిర్వహణ నిధికి కూడా ఇమ్మని అడగండి. ఆ నిబంధన తీర్మానంలో ఉంటే అడగడానికి మొహమాటం ఉండదు.

ఫీజు మన ఇష్టం కాదు. బడి ఫీజుల నియంత్రణకు తమిళనాడు తెచ్చిన 2009 చట్టం కింద, రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఉన్న కమిటీ దాన్ని నిర్ణయిస్తుంది. అక్కడికి సరైన లెక్కలు లేకుండా వెళ్ళిన బడి తక్కువ ఫీజుతో తిరిగొచ్చి ఏళ్ళతరబడి ఇబ్బంది పడుతుంది. ఆ దాఖలును గుమాస్తాకు వదలకుండా ఆడిటరు సభ్యుడే చూడాలి. పి.ఎఫ్. ప్రతి నెలా 15వ తేదీలోగా కట్టారో లేదో చలాను చూసి తెలుసుకోండి, మాట మీద నమ్మకండి.

అమెరికాలోని పూర్వ విద్యార్థి డబ్బు పంపుతానంటే సంతోషించే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవారు పంపితే, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయీ తీసుకోకూడదు, నమోదున్నా ఆ సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి.

"బయటికి పొక్కకుండా చూద్దాం"

పిల్లల మీద లైంగిక వేధింపు ఆరోపణ వచ్చినప్పుడు ఈ మాట వినబడితే అక్కడే ఆపండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. చెప్పని సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు పడవచ్చు. కమిటీ ముందుగా విచారించి నిజమో కాదో తేల్చడం మన పని కాదు.

భద్రత సంగతీ ఇంతే. 2004 జూలై 16న కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయారు. భవన లైసెన్సు, భవన దృఢత్వం, అగ్నిమాపక, పారిశుద్ధ్య ధ్రువపత్రాల గడువు తేదీలు ప్రతి సమావేశంలో మేజామీద ఉండాలి. గుడి ఉత్సవ సామాను బడి మెట్లకింద పెట్టడం ఈరోజే మాన్పించండి.

అన్ని తీర్మానాలూ ఏకగ్రీవమే

పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం అమర్యాద అని అందరూ తలూపుతారు, తర్వాత మెట్లమీద నిలబడి అసలు అభిప్రాయం చెప్పుకుంటారు. అధ్యక్షులు చివర మాట్లాడే పద్ధతి పెడితే సగం నయమవుతుంది. మిగతా సగానికి కొత్త ముఖాలు కావాలి. తమిళనాడు సంఘాల నమోదు చట్టం కింద కమిటీ సభ్యుడి పదవీకాలం మూడేళ్ళు మించదు. తిరిగి ఎన్నిక కావచ్చు, అందుకే ఎవరూ దిగరు. ట్రస్టుల్లో శాశ్వత ధర్మకర్తలుంటే బడి కమిటీకి విడిగా గడువు పెట్టించండి. పూర్వ విద్యార్థినులను, బయటి బడి నుంచి ఒక అనుభవమున్న టీచరును తీసుకోండి.

మీరొక్కరే విభేదిస్తే అసమ్మతిని మినిట్స్‌లో రాయించండి, ఆపైన బయట తీర్మానానికి విరుద్ధంగా మాట్లాడకండి. లెక్కల్లో గానీ పిల్లల భద్రతలో గానీ రాసిచ్చిన అసమ్మతిని వరసగా పక్కన పెడుతుంటే రాజీనామా ఇవ్వండి. కారణం రాసి, అందినట్టు సంతకం తీసుకుని, సంఘమైతే రిజిస్ట్రారు దగ్గర సభ్యుల జాబితా మారిందో లేదో మీరే వెళ్ళి చూసుకోండి. అక్కడ పేరున్నంతకాలం నోటీసులు మీ ఇంటికే వస్తాయి.