‘గ్యాస్’ అని తేల్చేసే ముందు: పెద్దలకూ పిల్లలకూ కడుపు బాధ వస్తే ఏం చూడాలి, ఏం చేయాలి?

గుంటూరులో కడుపుకు సంబంధించిన ఏ బాధకైనా పేరు ఒకటే, గ్యాస్. గుండెల్లో మంట పుట్టినా, పొట్ట ఉబ్బినా, రెండు రోజులు విరేచనం కాకపోయినా మందుల షాపుకు వెళ్ళి “గ్యాస్ బిళ్ళ ఇవ్వండి” అంటాము, షాపాయన షీటులోంచి రెండు కత్తిరించి ఇస్తాడు. నిజానికి గ్యాస్ అనేది జబ్బు పేరు కాదు. ఆ మాట వెనుక ఉన్నది పులుపు పైకి ఎగదన్నడమా, పేగులో పుండా, పిత్తాశయంలో రాళ్ళా, మలబద్ధకమా అన్నది తేలకుండా వేసుకునే బిళ్ళ బాధను కొన్నాళ్ళు కప్పిపుచ్చుతుందే తప్ప జబ్బును తగ్గించదు.

మొదట చేయవలసింది, ఇది ఇంట్లో ఆగదగిన బాధేనా అని చూడడం. ఛాతీ మధ్యలోనో పైకడుపులోనో బరువుగా, బిగుతుగా ఉండి చెమటలు పడుతున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతున్నా, ఆయాసం వస్తున్నా, అందులోనూ షుగరు, బీపీ ఉన్నవారైతే, సోడా తాగి చూద్దామని కూర్చోకుండా 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించాలి. గుండెపోటు చాలాసార్లు గ్యాస్ వేషంలోనే వస్తుంది. రక్తం వాంతి కావడం, తారులాగా నల్లగా జిగటగా విరేచనం కావడం, పొట్ట చెక్కలా గట్టిపడడం, బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరగడం, పసిపిల్లలకు ఆకుపచ్చని వాంతులు కావడం కూడా ఆ కోవలోనివే. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లగానే వస్తుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

అత్యవసరం కాదని తేలితే ఒక వారం పాటు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. తిన్నది, తాగినది, వేసుకున్న ప్రతి మందు, బాధ వచ్చిన వేళ, విరేచనం తీరు, ఇవి చాలు. మా మామగారు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన మనిషి. కడుపులో మంటకు కారణం గొడ్డుకారమేనని నమ్మి ఆరు నెలలు చప్పిడి కూడు తిన్నారు, మంట మాత్రం పోలేదు. చివరికి పాత డైరీలో రాయించాము. ఒక పేజీ ఇలా ఉంది: “ఉ. 5.30 కాఫీ. 8.00 ఇడ్లీ, మోకాలి బిళ్ళ. 11.00 మంట. రా. 9.00 పెరుగన్నం, మోకాలి బిళ్ళ. రా. 2.00 మంటతో మెలకువ.” చీటీ లేకుండా కొని రోజుకు రెండుసార్లు వేసుకుంటున్న ఆ నొప్పి మాత్ర గురించి ఆయన అప్పటిదాకా ఏ డాక్టరుకూ చెప్పలేదు, అది కడుపుకు సంబంధించిన మందు కాదు కదా అని!

కారం మంటను ఎక్కువ చేయవచ్చు గానీ పుండును పుట్టించదు. జీర్ణాశయంలో పుండ్లకు ప్రధాన కారణాలు రెండు: నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దీన్ని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. తన మాట నిరూపించడానికి మార్షల్ 1984లో ఆ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. ఇది ఉందో లేదో మల పరీక్షతో గానీ, శ్వాస పరీక్షతో గానీ, గొట్టం వేసి లోపల చూసే ఎండోస్కోపీలో గానీ తెలుస్తుంది. అయితే కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలను పరీక్షకు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాల ముందు డాక్టరుతో చెప్పి ఆపకపోతే, బాక్టీరియా ఉన్నా లేదని ఫలితం రావచ్చు. ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల పాటు మూడు నాలుగు మందులు కలిపి ఇస్తారు, మంట తగ్గిందని వాటిని మధ్యలో మానకూడదు. ఈ ప్రజోల్ మాత్రలను టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, మనలో చాలామంది తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటారు.

యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద మింగుడు పడకపోవడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీని వాయిదా వేయకూడదు. కొవ్వు పదార్థాలు తిన్నాక పక్కటెముకల కింద కుడివైపు నొప్పి పట్టేస్తే అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాలి. ఇవేవీ లేకుండా నెలల తరబడి కడుపునొప్పి వస్తూ, విరేచనం అయితే సర్దుకుంటుంటే అది పేగుల సున్నితత్వం కావచ్చు. అయినా ఆ మాట డాక్టరు నోట రావాలి.

పిల్లల సంగతి వేరు. విరేచనాలతో వచ్చే ప్రమాదం ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోవడమే కాబట్టి మొదటి మందు ఓఆర్‌ఎస్. మా ఎదురింటి అమ్మాయి ఒకసారి లీటరు ప్యాకెట్‌లోంచి సగం పొడిని గ్లాసు నీళ్ళలో కలిపి పట్టింది, “బలంగా ఉంటుందని కలిపానండీ” అన్నది. అలా చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు మోతాదు మించి ప్రమాదం తెస్తుంది. మరగబెట్టి చల్లార్చిన నీటిని లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటలలోపు వాడి మిగిలింది పారబోయాలి. చిన్న ప్యాకెట్ అయితే దాని మీద రాసినంత నీరే పోయాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ళ లోపు వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి; వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాను తలగొట్టి కొలిచి కలపాలి. ఓఆర్‌ఎస్ అని పేరు రాసి అమ్మిన తీపి పానీయాలు దీనికి బదులు కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తర్వాత, అసలు ఫార్ములా లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది.

ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ మందు, ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, పైబడిన వారికి 20 మిల్లీగ్రాములు, డాక్టరు చెప్పినట్లు 14 రోజులు ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు, పెద్దపిల్లలకు ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు పెట్టవచ్చు. పెద్దలు వాడే విరేచనాలు ఆపే మాత్రను పిల్లలకు ముక్క కూడా వేయకూడదు. పళ్ళు వస్తున్నాయి కాబట్టి మోషన్స్ అవుతున్నాయిలే అని ఊరుకోవడం మనకు అలవాటు గానీ, కళ్ళు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ళలో విరేచనాలు కనిపిస్తే కుళాయి నీటిని అనుమానించి, మరగబెట్టి తాగుతూ మునిసిపాలిటీకి చెప్పాలి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలినప్పుడు ప్రాణాలు పోయాయి.

బడికి వెళ్ళే పిల్లల్లో దీనికి తలకిందులైన సమస్య ఒకటుంది. బడిలో మరుగుదొడ్డి బాగుండక బిడ్డ ఆపుకుంటాడు, మలం గట్టిపడి నొప్పి పెడుతుంది, ఆ భయంతో ఇంకా ఆపుకుంటాడు. చివరికి గట్టిమలం పక్కనుంచి పలచగా కారి నిక్కరుకు అంటితే తల్లి విరేచనాలనుకుని మందు వేస్తుంది. రోజూ తిన్నాక పది నిమిషాలు, కమోడ్ అయితే కాళ్ళ కింద పీట వేసి, తిట్టకుండా కూర్చోబెట్టాలి. పాలు రోజుకు అరలీటరు మించకుండా చూసి, నీళ్ళు, జామపండు, ఆకుకూరలు పెంచాలి. డాక్టరు మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ లాంటి మందు రాస్తే అలవాటవుతుందేమోనని వారానికే మానేయకండి, సాధారణంగా అది నెలల తరబడి వాడవలసి వస్తుంది.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి వెళ్ళినా, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్ళినా, కొత్తపేటలోని ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళినా ఆ వారం రోజుల కాగితం, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, మోకాలి బిళ్ళతో సహా. మలంలో రక్తమో రంగు తేడాయో కనిపిస్తే సిగ్గుపడకుండా సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుపోండి; ఎలా ఉందని డాక్టరు తప్పక అడుగుతారు.