పద సమస్యల్లో సమీకరణం కంటే ముందు రాయవలసిన వాక్యం

రేఖీయ సమీకరణాలతో చేయవలసిన పద సమస్యల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది సాధన దగ్గర కాదు, మాటలను సమీకరణంగా మార్చే చోట. అందుకే మీరు తీసుకున్న అక్షరం ఏ రాశిని, ఏ సమయంలో, ఏ ప్రమాణంలో సూచిస్తుందో ముందుగా ఒక పూర్తి వాక్యంగా రాసుకోండి. ఇప్పుడు తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు, 20 ఏళ్ల తరువాత 2 రెట్లు అవుతుందన్న లెక్కనే తీసుకుందాం. ‘కొడుకు ప్రస్తుత వయసు క సంవత్సరాలు’ అని రాసి, దాని కింద ‘ఇప్పుడు’ అనే వరుసలో క, 4క అనీ, ‘తరువాత’ అనే వరుసలో క + 20, 4క + 20 అనీ పెడితే, 4క + 20 = 2(క + 20) అన్న సమీకరణం దానంతటదే కనిపిస్తుంది; క = 10 వస్తుంది.

ఆ వరుసలు వేయనివారు తరచుగా కొడుకు వయసుకు 20 కలపడం మరచిపోయి 4క + 20 = 2క అని రాస్తారు. అప్పుడు క విలువ −10 వస్తుంది. వయసు ఋణ సంఖ్య అయ్యే వీలు లేదు గనుక సమీకరణాన్నే మళ్లీ చూడాలని తెలుస్తుంది. జవాబును సరిచూసేటప్పుడు మాత్రం, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, మీరు రాసిన సమీకరణంలో కాక ప్రశ్నలోని మాటల్లోనే విలువలు పెట్టి చూడండి, ఎందుకంటే తప్పు సమీకరణానికి దాని తప్పు జవాబు చక్కగా సరిపోతుంది. ఇక్కడైతే ఇప్పుడు కొడుకుకు 10, తండ్రికి 40, అంటే 4 రెట్లు. 20 ఏళ్ల తరువాత 30, 60, అంటే 2 రెట్లు.