సైనోడాంట్లను గుర్తుపట్టడం: 3వ పాఠం – దవడను తిరగవేసి చూడటం

కంటి గూడు వెనుక, ఒక్కో పక్క ఒకే రంధ్రం ఉన్న పుర్రె సినాప్సిడ్‌దని (క్షీరదాలూ వాటి పూర్వ బంధువులూ ఉన్న వంశం; సైనోడాంట్లు అందులో క్షీరదాలు పుట్టిన గుంపు) గత పాఠంలో తెలుసుకున్నాం. అయితే ఆ గుర్తు డైమెట్రోడాన్ అనే ప్రాచీన సినాప్సిడ్‌కూ ఉంది, మనకూ ఉంది గనుక, ఒక జంతువు క్షీరదాలకు ఎంత దగ్గరిదో తేల్చడానికి అది చాలదు. అందుకు కింది దవడను, ముఖ్యంగా దాని లోపలి వైపును పరిశీలించాలి.

క్షీరదాల కింది దవడలో ఒక్కో పక్క డెంటరీ అనే ఒకే ఎముక ఉంటుంది. సరీసృపాలలో దాని వెనుక మరికొన్ని ఎముకలుంటాయి; వాటిలో ఆర్టిక్యులార్ అనేది పుర్రెలోని క్వాడ్రేట్‌తో కలిసి దవడ కీలుగా ఏర్పడుతుంది. క్షీరదాలలో డెంటరీయే పుర్రెలోని స్క్వమోసల్‌ను తాకుతుంది. ఆ పాత ఎముకలు రెండూ చెవిలో సుత్తి, దాగలి ఎముకలుగా మారాయి. పిండాలను పరిశీలించి ఈ సంబంధాన్ని జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త రైకెర్ట్ 1837లోనే చూపాడు.

ఇప్పుడు డైమెట్రోడాన్, త్రినాక్సోడాన్, మోర్గనుకోడాన్ దవడల బొమ్మలు పక్కపక్కన పెట్టుకొని, డెంటరీకి మాత్రమే రంగు వేయండి. సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి డైమెట్రోడాన్‌లో దవడ వెనుక భాగం దాదాపు అంతా రంగు లేకుండా మిగిలిపోతుంది. దక్షిణాఫ్రికాలోని కరూ శిలల్లో దొరికే, సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి సైనోడాంట్ త్రినాక్సోడాన్‌లో డెంటరీ వెనక్కి సాగి, పైకి రెక్కలా లేచి, నమిలే కండరాలకు పట్టు ఇచ్చింది. మిగిలిన ఎముకలు సన్నని కడ్డీగా దాని లోపలి వైపున ఒదిగాయి. పుర్రె 3 సెంటీమీటర్లైనా లేని, క్షీరదాలకు చాలా దగ్గరి బంధువైన మోర్గనుకోడాన్‌లో డెంటరీ స్క్వమోసల్‌ను చేరుకుంది, కానీ పాత కీలు కూడా పోలేదు: రెండూ పక్కపక్కనే పనిచేశాయి. నా దృష్టిలో ఈ పాఠమంతటికీ కీలకం ఇదే, ఎందుకంటే కొత్త కీలు బరువు మోయడం మొదలుపెట్టాకే పాతది దవడ పనిని పూర్తిగా వదిలే వీలు కలిగింది; ఆ జంతువు ఏ దశలోనూ నమలడం మానుకోవలసిన పని లేదు.

ఆ సన్నని ఎముకలు శిలాజాల్లో తరచు ఊడిపోతాయి. ఒంటరిగా మిగిలిన డెంటరీని చూసి క్షీరదమని తొందరపడకుండా, దాని లోపలి వైపు వెనుక భాగంలో పొడవాటి గాడి ఉందేమో చూడండి. ఎముకలు పోయినా అవి కూర్చున్న చోటు మిగులుతుంది.

పళ్లను బట్టి తీర్పు చెప్పకూడదనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి శిలల్లో దొరికిన ట్రయాసిక్ కాలపు (సుమారు 25–20 కోట్ల ఏళ్ల నాటి) శాకాహార సైనోడాంట్‌కు శిలాజ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ 1982లో ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టారు. (జాతి పేరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను తలపిస్తుంది, గోదావరి లోయ శిలాజాలపై ఆ సంస్థ చేసిన కృషి అంతటిది.) వెడల్పాటి దవడ పళ్లతో మేతను నమిలిన ఈ జంతువును పళ్లు మాత్రమే చూసిన వారు క్షీరదాల వరుసలో చేర్చే ప్రమాదముంది, దాని కీలు మాత్రం పాత పద్ధతిదే.

అభ్యాసం: మీకు మూడు డెంటరీలు ఇచ్చారనుకోండి. మొదటిదానికి గాడి ఉంది, వెనుక చివర కీలు గుబ్బ (స్క్వమోసల్‌తో కీలుగా ఏర్పడే ఉబ్బు) లేదు. రెండోదానికి రెండూ ఉన్నాయి. మూడోదానికి గుబ్బ ఉంది, గాడి లేదు. ఒక్కోదానిలో కీలు ఏ ఎముకల మధ్య ఉండి ఉంటుందో, చెవి ఎముకలు దవడను వదిలాయో లేదో కారణంతో సహా రాయండి. పళ్ల సంగతి 4వ పాఠంలో చూద్దాం.